వెదర్ యాప్‌లో గాలి ఒకటి, వరిచేను లోపల గాలి ఇంకొకటి: ఎందుకిలా?

అక్టోబరు వచ్చిందంటే విశాఖ చుట్టుపక్కల పల్లెల్లో అందరి కళ్ళూ ఫోన్ మీదే ఉంటాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడగానే యాప్ తెరిచి గాలి ఎంత చూపిస్తోందా అని చూడటం అలవాటైపోయింది, గంటకి 50 కిలోమీటర్లు అంటే గుండెల్లో రాయి, 25 అంటే కాస్త ఊపిరి. కానీ ఆ గాలీ వానా వెళ్ళిపోయాక పొలానికి వెళ్ళి చూస్తే మాత్రం లెక్క కుదరదు. ఒకే గాలి, ఒకే వాన, అయినా గట్టుకి ఇవతలి మడి నిటారుగా నిలబడే ఉంటుంది, అవతలి మడి చాప పరిచినట్టు పడిపోయి ఉంటుంది. ఒక్కోసారి ఒకే మడిలో నడిమధ్యన ఓ చోట మాత్రమే పడి, చుట్టూ ఏమీ కాకుండా కూడా ఉంటుంది. విత్తనం తేడా అని కొందరు, ఎరువు తేడా అని కొందరు అంటారు, రెండింటిలోనూ కొంత నిజం ఉంది గానీ అదే మొత్తం కథ కాదు.

ఇంకో అయోమయం కాలిబాటల గురించి. వరి నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల బాట తూర్పు పడమరలుగా వదలమని వ్యవసాయ శాఖ వాళ్ళు ఏళ్ళ తరబడి చెప్తూనే ఉన్నారు. ఉభాల (నాట్ల) టైములో కూలి మనిషి దొరకడమే కష్టం, అందులో దాదాపు పదకొండో వంతు నేల ఖాళీగా వదిలేయడం ఏంటి అని చాలామంది వదలరు. వదిలినవాళ్ళలో కూడా ఎందుకు వదిలామో తెలిసినవాళ్ళు తక్కువే, మందు కొట్టడానికి నడవాలి కదా అందుకే అనుకుంటారు. అసలు కారణం నడక కాదు, గాలి.

క్లుప్తంగా చెప్పుకుంటే

యాప్‌లో కనిపించేది సాధారణంగా నేల నుంచి 10 మీటర్ల ఎత్తులో ఉండే గాలి. పైరు తల దగ్గరికి వచ్చేసరికి అది నాలుగో వంతుకో మూడో వంతుకో పడిపోతుంది, దుబ్బు మొదట్లో దాదాపు ఏమీ మిగలదు. కానీ చేను లోపలికి గాలి నిలకడగా రాదు, దఫదఫాలుగా పైనుంచి దూకుతుంది. చేను పడిపోవడం, వరి రసం పీల్చే సుడిదోమ పెరగడం, ఆకు ఆరడం, మందు లోపలికి దిగడం, ఈ నాలుగూ ఆ సగటు అంకె కంటే ఆ దూకుడు మీదా, ఆ కింది నిశ్శబ్దం మీదా ఎక్కువ ఆధారపడతాయి.

10 మీటర్ల అంకె పైరుకి ఎంత?

ప్రపంచమంతా వాతావరణ కేంద్రాల్లో గాలిని కొలిచే ఎత్తు 10 మీటర్లు, చుట్టూ అడ్డం లేని బయలులో. విశాఖ విమానాశ్రయం దగ్గర కొలిచినా అంతే, యాప్‌లలో కంప్యూటర్ లెక్కగట్టి చూపించేదీ అదే ఎత్తుకి. నేలకి దగ్గరయ్యే కొద్దీ గాలి నెమ్మదిస్తుంది, ఎందుకంటే నేల, గడ్డి, పైరు అన్నీ దాన్ని పట్టి లాగుతాయి. పంటల నీటి అవసరం లెక్కకి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1998లో ఇచ్చిన పద్ధతిలో గాలిని 2 మీటర్ల ఎత్తుకి తీసుకుంటారు, 10 మీటర్ల అంకెని అక్కడికి మార్చాలంటే సుమారు 0.75తో గుణించాలి. అంటే పొట్టి గడ్డి మీద 20 కిలోమీటర్ల గాలి 2 మీటర్ల దగ్గర 15 అవుతుంది. ఇది పొట్టి గడ్డి మీద మాటే, చేను మీద ఇంకా తగ్గుతుంది.

చేను మీద ఒక విచిత్రం జరుగుతుంది. పైనుంచి వచ్చే గాలికి అసలు నేల కనపడదు, నేల ఎక్కడో పైకి లేచినట్టు ప్రవర్తిస్తుంది. ఆ లేచిన ఎత్తు దట్టమైన పైరులో మొక్క ఎత్తులో సుమారు మూడింట రెండు వంతులు ఉంటుందని కొలతల్లో తేలింది. 90 సెంటీమీటర్ల వరిచేను అనుకుంటే, గాలి దృష్టిలో నేల 60 సెంటీమీటర్ల ఎత్తున మొదలవుతుందన్నమాట. ఆ లెక్కతో సూత్రం వేస్తే, ఆ చేను మీద 10 మీటర్ల ఎత్తున గంటకి 20 కిలోమీటర్ల గాలి ఉన్నప్పుడు వెన్నుల దగ్గర 5, 6 కిలోమీటర్లే ఉంటుంది. యాప్‌లో గాలి ఎక్కువ చూపించింది, పొలంలో ఏమీ లేదు అని కోప్పడేవాళ్ళకి జవాబు ఇదే, యాప్ తప్పు చెప్పలేదు, అది వేరే ఎత్తు సంగతి చెప్పింది.

ఇదే లెక్క మూడు మీటర్ల చెరకు తోటకి వేస్తే మాట మారిపోతుంది. అనకాపల్లి వైపు చెరకు తలల దగ్గర అదే 20 కిలోమీటర్ల గాలికి 7, 8 కిలోమీటర్ల దాకా తగులుతుంది, ఎత్తు ఎక్కువ కాబట్టి పై గాలికి దగ్గరగా ఉంటుంది. వేగంలో తేడా ఒకటిన్నర రెట్లే కదా అనిపించొచ్చు, కానీ గాలి తోపు వేగానికి వర్గంలో పెరుగుతుంది, అంటే తలకి తగిలే తోపు రెండింతలు. పైగా పొడుగు కాడ మీద ఆ తోపు మీట వేసి లాగినట్టు పనిచేస్తుంది.

లోపలికి దిగితే

పైరు తల దాటి లోపలికి వెళ్ళాక గాలి ఎలా తగ్గుతుందన్నది 1960లలో జపాన్‌లో, అమెరికాలో పనిచేసినవాళ్ళు ఒక సూత్రంలో పెట్టారు. మెట్లు దిగినట్టు సమానంగా తగ్గదు, దిగిన ప్రతి జానకీ అప్పటిదాకా మిగిలిన దాంట్లో ఓ వంతు పోతుంది. వెన్నుల దగ్గర 5, 6 కిలోమీటర్లు ఉంటే సగం ఎత్తులో ఒకటిన్నర, నీటి పైన జానెడు ఎత్తులో 1 కిలోమీటర్ లోపు. మనిషి ఊపిరి వదిలినంత కూడా కాదు. ఆకులు ఎంత దట్టంగా ఉంటే ఈ పతనం అంత నిటారుగా ఉంటుంది, అందుకే యూరియా దంచి కొట్టిన నల్లపచ్చని చేను లోపల గాలి, పలచగా ఉన్న చేను లోపల గాలి ఒక్కటి కాదు, పైన ఒకే గాలి వీస్తున్నా సరే.

అయితే అన్ని పంటల్లోనూ కింద గాలి తక్కువ అనుకుంటే పొరపాటు. మొక్కజొన్న బాగా ఎదిగాక కింది ఆకులు ఎండి రాలిపోయి కాండాల మధ్య ఖాళీ ఏర్పడుతుంది. అరకు, పాడేరు వైపు కాఫీ తోటల్లో ఇంకా బాగా కనపడుతుంది, పైన సిల్వర్ ఓక్ చెట్ల కొమ్మలు, కింద కాఫీ పొదలు, మధ్యలో మిరియాల తీగ పాకిన మానులు తప్ప ఇంకేమీ ఉండదు. ఇలాంటి చోట కొమ్మల దట్టంలో గాలి చచ్చిపోయినా దాని కింద మానుల మధ్య మళ్ళీ కాస్త లేస్తుంది, తోట అంచు తెరిచి ఉంటే అక్కడి నుంచి దూరి నడుస్తుంది. తోటలో నిలబడితే పైన ఆకు కదలకపోయినా కాళ్ళకి చల్లగాలి తగిలేది అందుకే. వరికి ఆ అదృష్టం లేదు, దుబ్బు మొదలు దాకా పిలకలూ ఆకులే.

ఈ రంగంలో పాత లెక్కలన్నీ ఒక నమ్మకం మీద నడిచేవి, వేడి అయినా తేమ అయినా ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికే కదులుతుంది అని. 1985లో ఆస్ట్రేలియాలో డెన్‌మీడ్, బ్రాడ్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పైన్ అడవిలో కొలిచి, లోపల అలా కాకుండా తక్కువ వైపు నుంచి ఎక్కువ వైపుకి కూడా పోతోందని చూపించారు. వినడానికి తలకిందులుగా ఉన్నా కారణం తేలికే. లోపలి గాలి కొంచెం కొంచెంగా కలవదు, పైనుంచి ఒక పెద్ద గాలి ముద్ద ఒక్కసారిగా దిగి, లోపల ఉన్నదాన్ని ఊడ్చుకుని పోతుంది. అలాంటి రెండు దూకుళ్ళ మధ్య లోపలంతా నిలిచిన చెరువులా ఉంటుంది.

చేను మీద అలలు ఎక్కడివి?

పద్మనాభం, ఆనందపురం వైపు రోడ్డు మీద వెళ్తూ సాయంత్రం పైరగాలిలో వరిచేను చూస్తే అలలు ఒకదాని వెనక ఒకటి పరిగెడుతూ కనపడతాయి. సముద్రాన్ని చూసినట్టే ఉంటుంది, అందం అని వదిలేస్తాం గానీ చేను లోపలికి గాలి ఎలా దిగుతుందో అవి కళ్ళకి కట్టి చూపిస్తున్నాయి. జపాన్‌లో ఈ అలలకి హోనామి అని పేరుంది, వెన్నుల అలలు అని అర్థం, 1955లోనే ఇనోయె అనే శాస్త్రవేత్త వీటి మీద పరిశోధన రాశాడు.

వీటి వెనక ఉన్న యంత్రం ఇది. పైరు తలకి పైన గాలి వేగంగా, తలకి కింద నెమ్మదిగా, రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటూ నడుస్తాయి. వేగం తేడా ఉన్న రెండు ప్రవాహాలు అలా పక్కపక్కన నడిస్తే వాటి మధ్య గీత తిన్నగా నిలవదు, ముడుచుకుని సుళ్ళు తిరుగుతుంది, శారదా నది లాంటి ఏట్లో వడి నీళ్ళు, గట్టు వార నిలకడ నీళ్ళు కలిసే చోట సుళ్ళు పుట్టినట్టే. 1996లో రౌపాక్, ఫినిగన్, బ్రూనే అనే ముగ్గురు ఈ పోలికని లెక్కలతో నిలబెట్టారు, అప్పటి నుంచి చేల మీద గాలిని అర్థం చేసుకునే తీరే మారిపోయింది. అంతకు ముందు పైరుని గరుకు నేలలా చూసేవాళ్ళు, ఇప్పుడు రెండు ప్రవాహాల సరిహద్దులా చూస్తున్నారు.

ఈ చూపులోంచి కొన్ని కొలతలు వస్తాయి. ఒక సుడికీ ఇంకో సుడికీ మధ్య దూరం దట్టమైన చేలో సుమారు మొక్క ఎత్తుకి నాలుగు రెట్లు, అంటే 90 సెంటీమీటర్ల వరిలో మూడు నాలుగు మీటర్లు. అల పరిగెత్తే వేగం వెన్నుల దగ్గరి సగటు గాలి కంటే దాదాపు రెండింతలు, ఎందుకంటే ఆ సుడి పైన ఉండే వేగమైన గాలిని మోసుకొస్తోంది. పైరు మీద పడే తోపులో పెద్ద భాగం ఇలాంటి కొద్ది సెకన్ల దూకుళ్ళలోనే పడుతుంది, మిగతా సమయమంతా దాదాపు ఖాళీ. కాబట్టి గాలి సగటున గంటకి 6 కిలోమీటర్లే కదా పైరుకి ఏం కాదు అనుకోవడం, నెలకి సగటున వాన ఇంతే కదా వరద రాదు అనుకోవడం లాంటిది.

మొక్క ఊపుకి కూడా ఒక లయ ఉంటుంది. వరి, గోధుమ లాంటి మొక్కల కాడ వంచి వదిలితే సెకనుకి ఒకటి రెండు సార్లు ఊగుతుంది. గాలి దూకుళ్ళు ఆ లయకి దగ్గరగా వస్తే ఊయల తోసినట్టు ఊపు పెరుగుతుంది. 2006లో ఫ్రాన్స్ పరిశోధకులు లూసర్న్ గడ్డి చేను మీద వీడియో తీసి చూస్తే ఇంకో సంగతి బయటపడింది, గాలి మొక్కని ఊపడమే కాదు, మొక్క ఊపు లయకి తగ్గట్టు చేను మీది అలలే సర్దుకుంటున్నాయి.

ఒక మడి పడి, పక్క మడి నిలబడేది ఎందుకు?

కాడ మీద పడే భారం రెండు రకాలు. ఒకటి గాలి తోపు. రెండోది కాడ వంగాక దాని సొంత బరువు, అసలు దెబ్బ ఇక్కడే. గింజ పాలు పోసుకుని గట్టిపడే దశలో వెన్ను బరువెక్కుతుంది, వాన పడితే ఇంకా బరువెక్కుతుంది, అది పక్కకి వంగిన క్షణం నుంచి గాలి ఆగినా లాగుతూనే ఉంటుంది. కింది కణుపు బలంగా ఉంటే లేస్తుంది, లేకపోతే అక్కడే మడత పడుతుంది. నత్రజని ఎక్కువైనా, దుబ్బులు మరీ దగ్గరైనా కింది కణుపులు సన్నగా పొడుగ్గా సాగుతాయి, వెలుగు కోసం పోటీ పడి పైకి పోతాయి గానీ గోడ మందం ఉండదు. ఇంకో రకం పతనం వేరు దగ్గర, కాడ బాగానే ఉంటుంది, నానిన నేల పట్టు వదిలేస్తుంది. వెదజల్లిన వరిలో వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి ఇది ఎక్కువ. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు మడిలో నీళ్ళు తీసేయమని చెప్పేది ఇందుకే, వాన ఆపలేం గానీ వేరు కింద నేల ఎంత మెత్తబడుతుందన్నది కొంతైనా చేతిలో ఉంటుంది.

పొట్టి రకాలు వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది. 1966లో వచ్చిన ఐఆర్-8 నుంచి మొదలుపెట్టి, మన దగ్గర మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ దాకా పొట్టి కాడ రకాల గెలుపులో సగం గాలి లెక్కే. కాడ పొట్టిదైతే తలకి తగిలే గాలి తక్కువ, మీట పొడుగూ తక్కువ, రెండు వైపులా లాభం.

ఇంకోటి తరచూ మర్చిపోయేది, పొరుగు దుబ్బుల ఆసరా. నిండు చేలో ఒక దుబ్బు ఊగితే పక్క దుబ్బుకి తగిలి ఊపు చస్తుంది. ఎక్కడైనా ఒకచోట నాలుగు దుబ్బులు పడ్డాయంటే అక్కడ గుంట ఏర్పడుతుంది, దాని వెనకాల ఉన్న మొక్కలకి ముందు ఆసరా పోయింది, పైగా ఆ గుంటలోకి గాలి దిగి నేరుగా వాటి నడుముకి తగులుతుంది. అలా గుండ్రంగా విస్తరించుకుంటూ పోతుంది. చేను మధ్యలో పళ్ళెం పెట్టినట్టు పడిపోయిన మచ్చలు చాలావరకు ఇలాంటివే, మొదలు ఎక్కడో ఎరువు కుప్ప పడిన చోటో, పల్లం చోటో ఉంటుంది. గట్టుకి ఇవతల అవతల తేడా కూడా అంతే, నాటిన వారం, వెన్ను వయసు, వేసిన యూరియా, నీటి లోతు, ఇవన్నీ కలిపి ఒక మడిని పడిపోయే గీతకి ఇవతల, ఇంకో మడిని అవతల పెడతాయి. గాలి మాత్రం రెండింటికీ ఒకటే.

చెరకుకి ఈ ఆసరా సూత్రాన్ని రైతులు ఎప్పటి నుంచో చేతిపనిగా మార్చుకున్నారు. జడచుట్టు అంటే అదే కదా, గడల ఎండాకుల్ని జడలా పెనవేసి గడని గడకి, సాలుని సాలుకి కట్టేయడం. ఒక్కో గడ విడిగా గాలికి తలొగ్గకుండా అన్నీ కలిసి భారం పంచుకుంటాయి, పైగా వేలాడే ఎండాకులు జడలోకి పోవడంతో కింద సాళ్ళ మధ్య కాస్త ఖాళీ దొరికి గాలి ఆడుతుంది. కూలీల ఖర్చు చూసి జడచుట్టు మానేస్తున్న తోటలు ఉన్నాయి, ఆ ఖర్చు నిజమే, కానీ పడిపోయిన గడకి కణుపుల దగ్గర వేర్లు, మొలకలు వచ్చి రసంలో తీపి తగ్గుతుంది, బెల్లం దగ్గర ఆ తేడా తెలిసిపోతుంది.

తుఫాను అన్నప్పుడు లెక్క పూర్తిగా వేరే స్థాయికి పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది, గాలి గంటకి 180 కిలోమీటర్ల పైచిలుకు దాకా పోయింది. 45 కిలోమీటర్ల గాలికీ 180 కిలోమీటర్ల గాలికీ వేగంలో తేడా నాలుగు రెట్లు, తోపులో తేడా పదహారు రెట్లు. దానికి తోడు ఇంకో దెబ్బ, తుఫాను కన్ను నగరం మీదుగానే వెళ్ళింది. వాయవ్యానికి కదిలే తుఫాను కన్ను ఒక ఊరి మీదుగా పోతే ముందు ఈశాన్యం వైపు నుంచి కొడుతుంది, మధ్యలో కాసేపు ఆగుతుంది, తర్వాత నైరుతి నుంచి కొడుతుంది. మొదటి దెబ్బకి వేరు ఒకవైపు వదులైన చెట్టు రెండో దెబ్బకి ఎదురు దిక్కుకి ఒరుగుతుంది. ఏజెన్సీలో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్‌లు విరిగిపడినప్పుడు కాఫీ మీద పడిన దెబ్బ చెట్టు బరువుది మాత్రమే కాదు, పైకప్పు పోయాక కింద వరకూ ఎండా గాలీ ఒకేసారి దిగడం కూడా.

దుబ్బు మొదట్లో నిలిచిపోయిన గాలి

ఇప్పుడు కాలిబాటల దగ్గరికి వద్దాం. సుడిదోమ ఆకు మీద ఉండదు, నీటి పైన దుబ్బు మొదట్లో గుంపుగా చేరుతుంది. అక్కడ గాలి 1 కిలోమీటర్ కూడా లేదని పైన చూశాం, ఎండ పడదు, తేమ తగ్గదు, రాత్రీ పగలూ ఉష్ణోగ్రతలో పెద్ద తేడా ఉండదు, దోమకి అంతకంటే ఏం కావాలి. చేను పైనుంచి చూస్తే పచ్చగా నిగనిగలాడుతుంది, వారం తిరిగేసరికి అక్కడక్కడ సుడులుగా ఎండిపోతుంది. పాముపొడ తెగులుదీ అదే చిరునామా, నీటి మట్టానికి దగ్గరలో ఆకు తొడిమల మీద మొదలై, ఒక పిలక నుంచి ఇంకో పిలకకి అంటుకుంటూ పైకి పాకుతుంది. అగ్గి తెగులు ఆకు మీద వచ్చేదే అయినా దానికి కూడా ఆకు ఎంతసేపు తడిగా ఉందన్నదే కీలకం, మంచు పడిన ఆకు తొమ్మిదింటికి ఆరడానికీ పదకొండింటికి ఆరడానికీ చాలా తేడా ఉంది.

20 సెంటీమీటర్ల బాట ఇక్కడ చేసే పని ఏంటంటే, నిండు కప్పులో ఒక గాడి తెరుస్తుంది. పైన పరిగెత్తే సుడి ఆ గాడి మీదుగా పోయినప్పుడు లోపలికి దిగడానికి దారి దొరుకుతుంది, దిగిన గాలి గాడి వెంట కొంత దూరం నడిచి పక్క దుబ్బుల మొదళ్ళలోని తేమని లాక్కుపోతుంది, పగటి వెలుగు కూడా కింద దాకా తగులుతుంది. గాలి బాట వెంట వీచే రోజు లోపలికి ఎక్కువ దూరం పోతుంది, అడ్డంగా వీస్తే తక్కువ. ఇక పదకొండో వంతు నేల పోయిందన్న బాధ సంగతి, బాట వార ఉన్న దుబ్బులకి వెలుగూ గాలీ ఎక్కువ దొరికి పిలకలు ఎక్కువ కడతాయి కాబట్టి పోయిన దాంట్లో చాలా భాగం తిరిగి వస్తుంది. గట్టు వార దుబ్బులు లోపలి వాటికంటే బలంగా ఉండటం ఏ రైతుకైనా తెలిసిందే.

అయితే బాట వదిలేసి, తర్వాత బస్తాలకి బస్తాలు యూరియా వేస్తే ఆకులు అటూ ఇటూ వాలి గాడి మూసుకుపోతుంది. అప్పుడు వదిలిన ఖాళీకి నష్టమే తప్ప లాభం ఉండదు. కాలిబాటల వల్ల ఉపయోగం లేదు అనేవాళ్ళ చేలల్లో కొన్నిచోట్ల అసలు జరిగింది ఇదే కావచ్చు.

ఆకు చుట్టూ ఉండే పొర

ఇంకా దగ్గరికి వెళ్తే, ప్రతి ఆకునీ అంటిపెట్టుకుని కదలని గాలి పొర ఒకటి ఉంటుంది. సెంటీమీటర్ వెడల్పున్న వరి ఆకు మీద సెకనుకి మీటర్ గాలిలో దాని మందం సుమారు 0.4 మిల్లీమీటర్లు, గాలి పదో వంతుకి పడిపోతే 1.3 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. ఆకులోకి పోయే కార్బన్ డయాక్సైడ్ అయినా, బయటికి వచ్చే ఆవిరి అయినా ఆ పొర దాటాలి. వెడల్పు ఆకుకి పొర మందం ఎక్కువ, అందుకే అరటి ఆకు గాలికి పీలికలైనప్పుడు అది పూర్తిగా నష్టమే అనలేం, కొద్దిగా చిరిగితే ఆకు చల్లబడుతుంది, గాలి పట్టు కూడా తగ్గి చెట్టు విరగకుండా ఉంటుంది. మరీ ఎక్కువ చిరిగితే మాత్రం నష్టమే.

గాలి పెరిగితే పైరు ఎక్కువ నీళ్ళు తాగుతుందా అంటే పంటని బట్టి ఉంటుంది. పొట్టిగా చదునుగా ఉండే వరిచేను పైనున్న గాలితో అంత గట్టిగా ముడిపడి ఉండదు, అక్కడ నీటి ఖర్చుని ప్రధానంగా నడిపేది ఎండ. సిల్వర్ ఓక్, సరుగుడు లాంటి ఎత్తైన గరుకు తోటలు పై గాలితో నేరుగా ముడిపడి ఉంటాయి, అక్కడ గాలిలోని పొడిదనమే నడిపిస్తుంది. 1986లో జార్విస్, మెక్‌నాటన్ అనే శాస్త్రవేత్తలు ఈ ముడి ఎంత గట్టిదో కొలవడానికి ఒక అంకె ఇచ్చారు, ఒకే గాలికి రెండు పంటలు వేరే విధంగా స్పందించడం ఎందుకో అక్కడ తేలింది.

తోట అంచు, సరుగుడు వరస

చేను అంచు లోపలి చేను లాంటిది కాదు. బయలు నుంచి వచ్చిన గాలి అంచు దగ్గర నేరుగా కాండాలకి తగులుతుంది, మొక్క ఎత్తుకి ఐదు పది రెట్ల దూరం లోపలికి వెళ్ళాక గానీ పైన చెప్పిన తీరుకి సర్దుకోదు. వరిలో అది కొన్ని మీటర్లే, చెరకులో 15 నుంచి 30 మీటర్లు. చిన్న కమతాల్లో చెరకు తోట అంటే చాలావరకు అంచే అన్నమాట.

భీమిలి తీరం వెంట సరుగుడు తోటలు గాలికి అడ్డుగా ఎందుకు బాగా పనిచేస్తాయంటే అవి గోడలు కాదు కాబట్టి. గోడ కడితే గాలి దాని మీదుగా ఎగిరి వెనకాల కొద్ది దూరంలోనే సుడి తిరిగి దిగుతుంది. సగం దాకా గాలిని వడకట్టి వదిలే చెట్ల వరస అయితే సుడి కట్టదు, చెట్టు ఎత్తుకి పది నుంచి ఇరవై రెట్ల దూరం దాకా గాలి నెమ్మదిగా ఉంటుంది. 12 మీటర్ల సరుగుడు వరస వెనక 120 నుంచి 240 మీటర్ల దాకా అన్నమాట. కింది కొమ్మలు వంటచెరకుకి కొట్టేస్తే మాత్రం కింద సందులోంచి గాలి బిగపట్టి దూకుతుంది, మామూలు కంటే ఎక్కువ వేగంతో, సరిగ్గా మొలకల ఎత్తులో.

మందు కొట్టే వేళ

గాలి ఎక్కువున్నప్పుడు మందు కొట్టకూడదని అందరికీ తెలుసు. అసలు గాలే లేనప్పుడు కూడా కొట్టకూడదన్నది అంతగా తెలియదు. శీతాకాలం తెల్లవారుజామున, ముఖ్యంగా అరకు లాంటి లోయల్లో, లంబసింగి వైపు, నేల దగ్గర చల్లని గాలి, దాని పైన వెచ్చని గాలి పొరలుగా నిలిచిపోతాయి. పొగమంచు గడ్డకట్టినట్టు కనపడేది అప్పుడే. ఆ పొరలో సన్నని మందు బిందువులు కిందికి దిగవు, పైకి పోవు, పక్కకి జారుతూ ఎవరి పొలంలోకి పోతాయో చెప్పలేం. నెమ్మదిగా గాలి ఆడుతున్నప్పుడైతే ఆ సుడులే బిందువుల్ని పైరులోకి దించుతాయి.

డ్రోన్ వచ్చాక ఇందులో ఇంకో మలుపు. డ్రోన్ రెక్కల కింద తోసే గాలి ఒక కృత్రిమ సుడి లాంటిది, ఆకుల్ని పక్కకి తోసి లోపలికి దారి చేస్తుంది. కానీ అది ఎత్తు నుంచి ఎగిరినా, వేగంగా పోయినా ఆ తోపు వెనక్కి వాలిపోయి చేను తల మీదే ఆగిపోతుంది. దోమ మందు విషయంలో అది పెద్ద లోపం, మందు వెన్ను మీద, పురుగు మొదట్లో. దోమకి కొట్టేటప్పుడు చేతిపంపుతో పాయలు తీసి మొదళ్ళకి తగిలేలా కొట్టమనేది అందుకే.

పొలంలో ఇదంతా చూడటానికి మీటరు అక్కర్లేదు, ఒక అగరవత్తి చాలు. వెన్నుల ఎత్తులో పట్టుకుంటే పొగ పక్కకి పోతుంది, చేయి మెల్లగా దుబ్బు మొదట్లోకి దించితే పొగ అక్కడే తిరుగుతూ ఉంటుంది, చేను మీద ఒక అల దాటిన క్షణంలో మాత్రం ఒక్క కుదుపుతో చెదిరి మళ్ళీ నిలుస్తుంది. కాలిబాటలో పట్టుకుని చూస్తే ఆ కుదుపులు ఎక్కువసార్లు వస్తాయి. ఇక పొద్దున్నే మందు ట్యాంకు నింపే ముందు చూసినప్పుడు పొగ పైకి లేవకుండా చేను మీద పలచటి గుడ్డలా పరుచుకుంటోందంటే పొర ఇంకా విడలేదన్నట్టు. ఎండ పొడ తగిలి, మంచు ఆరి, ఆకు చివరలు కదలడం మొదలయ్యేదాకా ట్యాంకు గట్టు మీదే ఉండాలి.